రెల్లుగడ్డి: చేనుకు పగ, ఒడ్డుకు కాపలా

మన విద్యార్థి సంఘం ఏటా వెలువరించే ఈ సంచికకు ఏదో ఒకటి రాయమని మిత్రులు అడగడం, "వచ్చే ఏడు చూద్దాంలే" అని నేను తప్పించుకోవడం రెండేళ్ళుగా జరుగుతున్నదే. ఈసారి తప్పించుకోలేదు. ఏం రాస్తావని అడిగితే "గడ్డి గురించి" అన్నాను. "గడ్డి గురించి రాయడానికి ఏముంటుందోయ్?" అని ఒకడు పకపకా నవ్వాడు. అతని నవ్వుకు నాకు కోపం రాలేదు. మూడేళ్ళ కిందట ఎవరైనా అదే మాట చెబితే నేనూ అలాగే నవ్వి ఉండేవాణ్ణి. కాని రెండు గుంటల భూమి ఒర్రెలో కలిసిపోయాక మా ఇంట్లో గడ్డి మాట వస్తే ఎవరూ నవ్వడం లేదు.

మాది నిజామాబాదు జిల్లా మెండోర. 2016లో కొత్త జిల్లాలు, మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది గాని, అంతకుముందు బాల్కొండ మండలంలోని ఊరు. ఆర్మూరు నుండి నిర్మల్ వెళ్ళే బస్సు గోదావరి దాటకముందే వచ్చే ప్రాంతం మాది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మాకు పొరుగు. మా బాపమ్మ వయసు వాళ్ళు దాన్ని ఇప్పటికీ పోచంపాడు డ్యాం అనే అంటారు. పసుపు, మక్క, ఎర్రజొన్న, వరి మా పంటలు. మా చేను ఒక ఒర్రె పక్కన ఉంది. ఎండాకాలం దాంట్లో చుక్క నీరుండదు. వానాకాలంలో మాత్రం అది మాట వినదు.

2022 జూలైలో ఉత్తర తెలంగాణ అంతటా కురిసిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ వానలకు మా ఒర్రె ఒడ్డు విరిగింది. ఒక రాత్రి గడిచేసరికి పసుపు బోదెలు రెండు వరుసలు కనిపించలేదు. వారం తిరిగేసరికి రెండు గుంటలు పోయాయి. గుంట అంటే 121 గజాలు, రెండు గుంటలంటే 242 గజాలు. పట్నంలో అంత జాగాలో ఒక ఇల్లు కట్టుకుంటారు. భూమి పోయినా పాసుబుక్కులో మాత్రం అలాగే ఉంది. బాపు ఒడ్డు మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బాపమ్మ ఒక్క మాట అన్నది: "ఆడ రెల్లు ఉన్నన్ని దినాలు ఒడ్డు ఇరగలేదు బిడ్డా."

ఆ ఒక్క మాటే నన్ను ఈ గడ్డి వెంట పడేలా చేసింది.

రెల్లు అంటే ఏమిటి?

వాగులు, నదుల ఒడ్డున ఇసుక మేటల్లో మనిషిని మించి పెరిగి, వినాయక చవితి నుండి దసరా దాకా తెల్లని కుచ్చులతో ఊగే గడ్డిని మనమందరం చూసినవాళ్ళమే. అదే రెల్లు. సంస్కృతంలో కాశం అంటారు. రెల్లుపొదల్లో పుట్టాడనే కథ వల్లనే కుమారస్వామికి శరవణభవుడు అని పేరు. మన తాతల కాలంలో ఇళ్ళ మీదికి కప్పు, పశువుల కొట్టాలకు తడిక అన్నీ దీనితోనే.

నీటి పక్కన పెరిగే ప్రతి గడ్డీ రెల్లు కాదు. ఈ సంగతి మొదట్లో నాకూ తెలియదు. తుంగ కాడను వేళ్ళ మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా తగులుతుంది. జమ్ముకు చివర గోధుమరంగు కండె ఉంటుంది, అది నిలవనీటి బురదను కోరుతుంది. వట్టివేరు దుబ్బుగా పెరుగుతుంది, దాని వేరుకు వాసన ఉంటుంది. రెల్లు కాడ గుండ్రంగా, కణుపులు కణుపులుగా సన్నని చెరకులా ఉంటుంది. ఆకు సన్నగా పొడుగ్గా ఉండి, నడిమి ఈనె తెల్లగా కనబడుతుంది. ఆకు అంచు పట్టి లాగితే చెయ్యి తెగుతుంది. నా చెయ్యి తెగింది, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

రెల్లుకు శాస్త్రీయ నామం సకారం స్పాంటేనియం. 1771లో లిన్నేయస్ పెట్టిన పేరు. స్పాంటేనియం అంటే తనంతట తానే మొలిచేది అని అర్థం. ఇక సకారం అంటే మన 'శర్కర'కు చుట్టమే. అంటే చెరకుదీ, రెల్లుదీ ఒకే ఇంటిపేరు. వృక్షశాస్త్రం ప్రయోగశాలలో ఈ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు మా మామ గుర్తుకొచ్చాడు.

చెరకు రైతు మాట

మా అమ్మ పుట్టిల్లు బోధన్ దగ్గర. మంజీర మీద 1923 నుండి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ నీళ్ళు, 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ, ఈ రెండూ కలిసి ఆ సీమను చెరకు సీమగా చేశాయి. మా మామ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక వరిలోకి మారాడు గాని, మాట మాత్రం ఇప్పటికీ చెరకు మాటే. ఒర్రె ఒడ్డున రెల్లు నాటుదామనుకుంటున్నాను మామా అని చెప్పగానే ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని నవ్వాడు.

"దాన్ని తవ్వి పారేసుట్లనే నా సగం జన్మ పోయింది అల్లుడా. నువ్వు చేతులార నాటుతనంటవా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. రెల్లు నేల పైన కనిపించేది సగమే. నేల లోపల దాని దుంపకాడలు అడ్డంగా పాకుతాయి. ప్రతి కణుపు దగ్గరా ఒక కన్ను ఉంటుంది. నాగలి తగిలి ఒక కాడ నాలుగు ముక్కలైతే నాలుగు మొక్కలవుతుంది. చెరకు తోటలో పడితే మొదట్లో చెరకేదో రెల్లేదో పోల్చుకోవడం కూడా కష్టం. పీకితే తెగుతుంది, కాలిస్తే పది రోజుల్లో పచ్చగా లేస్తుంది. రైతు దీన్ని తిట్టుకోవడం అన్యాయం కాదు.

కాని మామకు నేనొక కథ చెప్పాను. ఆ కథ ఆయనను ఆలోచింపజేసింది. మీకూ చెబుతాను.

చెరకు తోటకు రెల్లు చేసిన మేలు

పూర్వం సాగులో ఉన్న లావుపాటి తీపి చెరకు, అంటే సకారం అఫిసినారం, న్యూగినీ ప్రాంతం నుండి వచ్చింది. తొనలు రసంతో నిండి ఉండేవి గాని జబ్బులకు, చలికి, నీటి ఎద్దడికి తట్టుకునేది కాదు. జావా ద్వీపంలో సెరె అనే తెగులు వచ్చి తోటలకు తోటలే దెబ్బతిన్నాయి. అక్కడి డచ్చి శాస్త్రజ్ఞులు తీపి చెరకుకూ రెల్లుకూ సంకరంగా పుట్టిన ఒక రకాన్ని ఆధారం చేసుకుని, దాన్ని మళ్ళీ మళ్ళీ తీపి చెరకుతో కలిపి, 1921లో పి.ఓ.జె. 2878 అనే రకాన్ని తీశారు. రెల్లు నుండి మొండితనం, చెరకు నుండి తీపి రెండూ అందులో నిలిచాయి.

అంతకుముందే మన దేశంలో ఈ పని జరిగింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వెలిసింది. అక్కడ సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ 'వెళ్ళై' అనే తీపి చెరకును రెల్లుతో సంకరం చేశారు. ఫలితంగా 1918లో కో 205 అనే రకం ఉత్తర భారత రైతులకు అందింది. 'కో' అంటే కోయంబత్తూరు. తరువాతి కాలంలో దక్షిణాదిలో పేరు మోసిన కో 419కి పైన చెప్పిన జావా రకమే తల్లి. ఆ కేంద్రంలోనే 1930లలో పనిచేసిన జానకీ అమ్మాళ్ అనే శాస్త్రజ్ఞురాలు చెరకు, రెల్లు జాతుల క్రోమోసోములను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి వాటి వంశవృక్షాన్ని విప్పి చెప్పడంలో పేరు పొందారు.

తీపి చెరకులో క్రోమోసోములు 80. రెల్లులో మాత్రం ఒక చోట 40 ఉంటే ఇంకోచోట 128 దాకా ఉంటాయి. చలిదేశం రెల్లు, ఎడారి అంచు రెల్లు, ఏటి ఒడ్డు రెల్లు వేటికవే వేరు. ఇన్ని రకాలుండటమే దాని బలం. ఇవాళ పొలంలో ఉన్న చెరకు గడలో నూటికి పది నుండి పదిహేను పాళ్ళ వారసత్వం రెల్లుదేనని జన్యు పరిశోధకుల అంచనా. 2018లో రెల్లు జన్యుపటం ప్రచురితమైంది. కొత్త తెగులు వచ్చిన ప్రతిసారీ శాస్త్రజ్ఞులు వాగుల ఒడ్డుకు తిరిగి వచ్చి వెతికేది ఈ గడ్డినే.

అంతా విని మామ కాసేపు ఊరకున్నాడు. "అంటే నేను తోలిన చెరకు బండ్లల్ల అది కూడ ఉన్నదన్నమాట" అన్నాడు. ఆ తరువాత నాటే పనిలో ఆయనే నాకు గురువు.

ఒడ్డును గడ్డి ఎట్లా పట్టి ఉంచుతుంది?

వరద ఒడ్డును పైనుండి కొట్టి పడేస్తుందని నేననుకునేవాణ్ణి. నిజానికి అది అడుగు నుండి కోస్తుంది. నీటి వేగం ఒడ్డు మొదట్లో ఉన్న మట్టిని తొలుచుకుపోతుంది. పైన ఉన్న మట్టి ఆధారం లేక పెళ్ళలు పెళ్ళలుగా కూలుతుంది. కాబట్టి ఒడ్డు నెత్తిన ఎన్ని మొక్కలు నాటినా, పాదం దగ్గర ఏమీ లేకపోతే ఆ మొక్కలతో సహా కూలిపోతుంది.

రెల్లు చేసే పని మూడు విధాలు. మొదటిది, దాని వేళ్ళు, దుంపకాడలు ఇసుకను, వండును వలలా అల్లి పట్టుకుంటాయి. రెండవది, వరద వచ్చినప్పుడు అది చెట్టులా ఎదురు నిలవదు, నేలకు వాలిపోతుంది. వాలిన ఆకులు ఒడ్డు మీద చాపలా పరుచుకుని, నీటి దెబ్బ మట్టికి నేరుగా తగలకుండా చేస్తాయి. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. గడ్డి మధ్యలో నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన నీరు తాను మోసుకొచ్చిన ఇసుకను, ఒండును అక్కడే దించిపోతుంది. మామూలు మొక్క అయితే ఆ ఇసుక కింద పూడి చచ్చిపోతుంది. రెల్లు అట్లా కాదు. పూడిన కణుపుల నుండి కొత్త వేళ్ళు వేసి మరో మెట్టు పైకి లేస్తుంది. అంటే వరద తెచ్చిన మట్టితోనే అది ఒడ్డును తిరిగి కట్టుకుంటుంది.

ఇక గిజిగాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. గూడు అల్లడానికి వాటికి ఇటువంటి పొడుగాటి ఆకుల పీచు కావాలి. చెరకు తోటలు పోయిన చోట వాటికి ఆధారం ఈ ఒడ్డులే.

అసలు రెల్లు ఎందుకు పోయింది?

నాటే ముందు మా లెక్చరర్ గారు నన్నొక ప్రశ్న అడిగారు. "అది అక్కడి మొక్కే కదా, మరి అక్కడ ఎందుకు లేదు? ఆ కారణం అట్లాగే ఉంటే నువ్వు నాటింది కూడా పోతుంది."

ఇంటికి వెళ్ళి అడిగాను. బాపు చెప్పడానికి కొంచెం తటపటాయించాడు. మా ఇంటి స్లాబుకు ఇసుక ఆ ఒర్రె నుండే తెచ్చారట. మేమే కాదు, మా వాడలో చాలా ఇళ్ళకు అంతే. ఇసుకతో పాటు రెల్లు దుంపలు కూడా ట్రాక్టరులో వెళ్ళిపోయాయి. మిగిలిన నాలుగు దుబ్బులను పందులు దాక్కుంటున్నాయని ఏటా ఎండాకాలం నిప్పు పెట్టాం. లేచిన చిగురును బర్రెలు మేశాయి. ఎవరినో నిందించడానికి వీల్లేకుండా పోయింది. ఏ స్లాబు కింద కూర్చుని నేను ఈ వ్యాసం రాస్తున్నానో, ఆ స్లాబులోనే మా ఒడ్డు ఉంది.

కాబట్టి ఎవరైనా ఇటువంటి పనికి పూనుకుంటే మొదటి మెట్టు నాటడం కాదు. ఇసుక తీయడం ఆపాలి, నిప్పు ఆపాలి, ఒక ఏడాది పాటు పశువులను ఆపాలి. దగ్గరలో రెల్లు మిగిలి ఉంటే ఈ మూడు ఆపినంత మాత్రాన అదే తిరిగి రావచ్చు. పేరే చెబుతోంది గదా, తనంతట తానే మొలిచేదని. రాకపోతేనే నాటాలి.

మేము నాటిన తీరు, చేసిన తప్పులు

2023 మే నెలలో మొదటిసారి నాటాం. చేసినవన్నీ తప్పులే. ఎర్రటి ఎండలో దుబ్బులు తవ్వి, పొద్దుటి నుండి సాయంత్రం దాకా గట్టున పడేశాం. వేళ్ళు ఎండిపోయాయి. తరువాత వాటిని ఒర్రె నడుమ, నీరు పారే దారిలోనే గుచ్చాం. అక్కడైతే తడి ఉంటుందని మా తెలివి. బతికిన కొన్నిటిని జూలై చివర వచ్చిన వరద ఊడ్చుకుపోయింది. ఆ రోజుల్లోనే మా జిల్లా వేల్పూరులో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడి రాష్ట్రమంతటా వార్త అయింది. మా దగ్గర అంత పడకపోయినా, వేరు పట్టని గడ్డిని లేపడానికి అంత వాన అక్కరలేదు.

2024లో మామ వచ్చి దగ్గరుండి చేయించాడు. ఆ పద్ధతి ఇది.

ముందు ఒడ్డును నిటారుగా ఉన్నదాన్ని పారతో చెక్కి వాలుగా చేశాం. నిట్టనిలువు గోడ మీద ఏ గడ్డీ నిలవదు. ఒడ్డు పాదం వెంట చేతికి దొరికిన రాళ్ళను ఒక వరుసగా పేర్చాం. జూన్‌లో రెండు మంచి వానలు పడి నేల జానెడు లోతు తడిసేదాకా ఆగాం. నారు కోసం ఎక్కడికో పోలేదు. మా ఒర్రెకు పై భాగంలో మిగిలిన దుబ్బుల నుండే తెచ్చుకున్నాం. ఆ నేలకు అలవాటుపడిన రకం అదే గనుక. ఒక్కో దుబ్బులో మూడో వంతు మాత్రమే తీసి మిగతాది మట్టి కప్పి వదిలేశాం. ఒక ఒడ్డును కాపాడటానికి ఇంకో ఒడ్డును విప్పేయకూడదు.

దుంపకాడలను, ముదురు కాడలను మూడేసి కళ్ళు ఉండేలా కోశాం. "చెరకు ముచ్చె కోసినట్టే. కన్ను పైకి, పక్కకు ఉండాలె, కిందికి పోవద్దు" అన్నాడు మామ. కోసినవాటిని తడి గోనెసంచిలో చుట్టి, అదే పూట నాటేశాం. ఒడ్డు వాలుకు అడ్డంగా మూడు వరుసలు. వరుసకూ వరుసకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ ఒక అడుగు. కింది వరుస రాళ్ళకు ఆనుకుని వచ్చింది. మా ఒడ్డు 80 అడుగులు. మొత్తం 240 ముచ్చెలు పట్టాయి. చుట్టూ తుమ్మకంప వేశాం. ఎరువు ఏమీ వేయలేదు. వానల మధ్య ఎడం వచ్చినప్పుడు రెండుసార్లు బిందెలతో నీళ్ళు పోశాం, అంతే.

170 దాకా బతికాయి. చచ్చినచోట్ల ఆగస్టులో మళ్ళీ పెట్టాం. ఆ ఏడు పువ్వు రాలేదు. దసరాకు మోకాలెత్తు ఉన్న గడ్డిని చూసి ఊళ్ళోవాళ్ళు "గీ గడ్డికి గింత కంచెనా" అని నవ్వారు. నవ్వనీ అనుకున్నాం.

పరీక్ష 2025లో వచ్చింది. ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తి, మా జిల్లాను కూడా వదలని వానలు పడ్డాయి. నేను హాస్టల్లో ఉన్నాను. ఫోను చేస్తే బాపు "నీళ్ళు మీదికెళ్ళి పోతున్నయ్, గడ్డి కనపడ్తలేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నాలుగో రోజు వెళ్ళి చూశాను. రెల్లంతా ఒకే వైపుకు దువ్విన తలలా నేలకు పడుకుని, బురద పూసుకుని ఉంది. దాని కింద ఒడ్డు ఉంది. పై రెండు వరుసల మధ్య జానెడు కొత్త ఇసుక చేరింది. పూర్తిగా గెలిచామని చెప్పను. ఒకప్పుడు ఇసుక ఎక్కువగా తీసిన దిగువ చివరన ఎనిమిది అడుగులు విరిగిపోయింది. మిగతా 72 అడుగులు నిలిచింది. పోయిన రెండు గుంటలు తిరిగి రాలేదు, రావు. మూడో గుంట పోలేదు.

ఎక్కడ నాటకూడదు?

ఈ వ్యాసం చదివి ఎవరైనా రెల్లు తెచ్చి పొలం గట్ల మీద పెడితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. కనుక ఈ మాట స్పష్టంగా చెప్పాలి. వరి మడుల గట్టు మీద, పంట కాలువల్లో, పసుపు చేను అంచున దీన్ని పెట్టకూడదు. దుంపకాడ లోపలికి పాకితే మా మామ సగం జన్మ మీకూ పడుతుంది. చేనుకూ రెల్లుకూ మధ్య కనీసం ఒక బండి బాట అంత ఎడం ఉండాలి. మేము ఆ ఎడంలో ఏటా రెండుసార్లు దున్ని, దాటి వచ్చిన కాడలను ఏరేస్తాం. చెరువు కట్టలకు, గట్లకు వట్టివేరు మేలు. అది పక్కకు పాకదు, వేళ్ళు నిలువుగా మూడు మీటర్ల దాకా లోతుకు దిగుతాయి. వాగు ఇసుకకు రెల్లు, కట్టకు వట్టివేరు, నిలవనీటి బురదకు తుంగ, జమ్ము. దేని చోటు దానిది.

ప్రాజెక్టు నీళ్ళు నెలల తరబడి నిలిచే లోతట్టు భూమిలో కొత్తగా నాటితే నిలవదు. పైగా అది మన భూమి కాదు. సొంత పట్టా ఒడ్డున, లేదా గ్రామపంచాయతీ అనుమతితో మాత్రమే ఈ పని చేయాలి. ఎండాకాలంలో ఎండిన రెల్లు చమురులా అంటుకుంటుంది. శివరాత్రి నాటికి కోసి కొట్టాల కప్పుకు వాడుకుంటే నిప్పు భయం ఉండదు, మొదలు నుండి కొత్త పిలకలూ వస్తాయి.

తన చోటు కాని చోట ఈ గడ్డి ఏం చేస్తుందో చూడాలంటే పనామా దేశం వైపు చూడాలి. అక్కడ ఇది పరాయి మొక్క. పనామా కాలువకు నీరిచ్చే పరీవాహక ప్రాంతంలో అడవి కొట్టిన చోటల్లా ఆక్రమించి, ఏటా తగలబడుతూ, అడవి మళ్ళీ లేవకుండా అడ్డుపడుతున్నది. అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాదకరమైన కలుపు మొక్కల జాబితాలో చేర్చింది. గడ్డి అదే. మన గోదావరి ఒడ్డున అది ఇంటి మనిషి, అక్కడ దురాక్రమణదారు.

ఒక్క ఒర్రెతో ఏమవుతుంది?

1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌కు మొదట అనుకున్న నిల్వ సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. 1994 సర్వేలో అది 90.3కు వచ్చింది. ఇప్పుడు లెక్కలో ఉన్నది 80.5. అంటే నాలుగో వంతుకు పైగా జాగా పూడిక ఆక్రమించింది. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. ఆ లెక్కన 31 టి.ఎం.సి.లకు పైగా పేరుకున్న మట్టి ఎవరి చేనుదో, ఎన్ని వేల ఒర్రెల నుండి, ఎన్ని జిల్లాల నుండి వచ్చిందో ఊహించుకోవచ్చు. అందులో పెద్ద భాగం ఎగువన మహారాష్ట్ర నేలల నుండి గోదావరి, మంజీర మోసుకొచ్చింది. మేము నాటిన 240 ముచ్చెలతో ప్రాజెక్టు పూడిక ఆగుతుందని చెబితే అది గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. కాని ఆ పూడిక ఒకేచోట పుట్టలేదు గదా. రెండేసి గుంటల చొప్పున పుట్టింది. ఆగితే అట్లాగే ఆగాలి.

మొన్న దసరాకు మామ మెండోర వచ్చాడు. మా రెల్లు మొదటిసారి పువ్వు పూసింది. 72 అడుగుల పొడవునా తెల్లగా ఊగుతుంటే బాపమ్మను చేయి పట్టి తీసుకెళ్ళి చూపించాను. ఆమె ఏమీ అనలేదు, ఒక కుచ్చు తెంపి చెంపకు రాసుకుని నవ్వింది. మామ మాత్రం నడుముకున్న కొడవలి తీశాడు. చేను వైపు ఉన్న కుచ్చులన్నిటినీ గింజ ఎగరకముందే కోసి కుప్ప వేశాడు. ఒర్రె వైపువి వదిలేశాడు.

"అటుదిక్కు దానిది, ఇటుదిక్కు మనది. ఏటా ఈ దినాలల్ల వచ్చి కోసుడు మరువకు అల్లుడా" అన్నాడు.

మిత్రులారా, సెలవులకు మనమంతా ఇళ్ళకు వెళతాం. మనలో చాలామంది ఊళ్ళ పక్కన ఏదో ఒక వాగో ఒర్రెనో ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడగండి: ఆ ఒడ్డు మీ చిన్నప్పుడు ఎక్కడిదాకా ఉండేది, దాని మీద ఏముండేది? వాళ్ళు చూపించే చోటుకూ ఇవాళ్టి ఒడ్డుకూ మధ్య అడుగులు వేసి లెక్కపెట్టండి. అక్కడ ఇంకా నాలుగు రెల్లు దుబ్బులు మిగిలి ఉంటే, వాటికి నిప్పు పెట్టబోయే చేతిని ఆపండి. మొదటి ఏడాదికి ఆ పని చాలు.